చెడుగుడుకు ఒక బంతి ఎక్కువ

తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఇసుకలో పిల్లలను కూర్చోబెట్టి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతిలో పట్టుకొని, రగ్బీ లీగ్ నియమాలను నాకు చేతనైనంత వివరంగా పావుగంట సేపు చెప్పాను. అంతా ఓపికగా విన్న తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "ఇది చెడుగుడే గదా సార్, బంతి ఒకటి ఎక్కువ, అంతే" అన్నాడు. వాడి మాటలో అతిశయోక్తి ఉన్నమాట నిజమే. అయితే ఆ తరువాతి ఏడాదిలో నేను ఈ ఆట గురించి చదివినదీ, చూసినదీ, నాలుగు ఊళ్ల పిల్లల చేత ఆడించినదీ కలిపి చూసుకుంటే, కొత్త ఆట కొత్త గడ్డ మీద నిలబడాలంటే మొదట జరగవలసింది సరిగ్గా ఇదేనని తోస్తుంది: ఆ గడ్డ మనిషి ఎవరో ఒకరు దాన్ని తనకు తెలిసిన ఆట పక్కన పెట్టి చూసుకోవాలి, తన మాటలో దాని సంగతి చెప్పుకోవాలి.

ఆ బంతి మా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. నా మేనల్లుడు సిడ్నీ నగరపు పడమటి భాగంలో, పారామట్టాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు, కనుమ నాడు చంద్రగిరి దగ్గరి రంగంపేటలో పశువుల పండుగ చూడాలని నన్ను వెంటబెట్టుకొని వెళ్లాడు. కొమ్ములకు చెక్క పలకలు కట్టిన కోడెలు వీధిలో దూసుకొస్తుంటే ఆ పలకల కోసం కుర్రాళ్లు వాటి మీదికి ఎగబడుతున్నారు. అది చూసి, "మామా, వీళ్లకు ఎదురొచ్చేవాణ్ని పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు, ఎట్లా పడాలో నేర్పితే చాలు" అన్నాడు. (ఆ పండుగలో దెబ్బలు తగిలేవాళ్లను చూసిన వ్యాయామోపాధ్యాయుడిగా నాకు దాని మీద వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ వద్దు.) మరుసటి రోజు వాడు తన పెట్టెలోంచి గాలి తీసి చపాతీల్లా మడిచిన రెండు బంతులు తీసి నా ముందు పెట్టాడు. సైకిల్ షాపులో వాలీబాల్ సూదితో గాలి పట్టించాము. ఒకటి గట్టిగా నిలిచింది, రెండోది గంటకొకసారి నీరసపడుతుంది.

అప్పటి వరకు రగ్బీ అంటే ఒక్కటే ఆట అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. నిజానికి అవి రెండు ఆటలు, విడిపోయి 130 ఏళ్లు దాటింది. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో బట్టల మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసే కార్మికులు శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బు ఇస్తే తప్పేమిటని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని పై వర్గాల పెద్దలు పట్టుబట్టారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో తేల్చుకొని, 22 క్లబ్బులు వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఆ వేరు కుంపటే రగ్బీ లీగ్ అయింది, పెద్దల దగ్గర మిగిలిన పాత ఆట రగ్బీ యూనియన్. మొదట వాళ్లు అనుమతించినది రోజుకు ఆరు షిల్లింగులు మాత్రమే, అదీ పోయిన కూలికి బదులుగా.

ఈ కూలి సంగతి తెలియకపోతే రగ్బీ లీగ్ నియమాలు అర్థం కావని నా నమ్మకం. ఆటగాడికి ఇచ్చే డబ్బు టిక్కెట్టు కొన్నవాడి జేబులోంచి రావాలి కనుక, వారమంతా మిల్లులో నిలబడి వచ్చిన ఆ మనిషికి కంటికి నిండుగా ఆట కనబడాలి, మనుషుల కుప్ప కింద బంతి మాయమైపోకూడదు. అందుకే ఒక్కొక్క చిక్కుముడినే విప్పుకుంటూ వచ్చారు. పక్క గీత దాటిన బంతి కోసం వరుసల్లో నిలబడి ఎగిరే పద్ధతిని 1897లోనే తీసేశారు. 1906లో జట్టును 15 మంది నుంచి 13 మందికి తగ్గించి మైదానంలో ఖాళీ పెంచారు. పట్టుబడ్డ ఆటగాడు లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించి ఆటను మళ్లీ మొదలుపెట్టే పద్ధతి కూడా ఆ ఏడాదే వచ్చింది. అయినా ఒక జట్టు బంతిని అట్టిపెట్టుకొని నిమిషాల తరబడి నడిపించే జబ్బు మాత్రం పోలేదు. దానికి మందుగా 1966లో నాలుగు పట్టుల లెక్కను ప్రయత్నించి, 1972లో ఆరుగా స్థిరపరిచారు. ఆరోసారి పట్టుబడితే బంతి ఎదుటివాళ్లదే.

ఆ ఆరు అనే అంకె దగ్గరే మా పిల్లవాడి పోలిక బలపడుతుంది. చెడుగుడులో కూతకు వెళ్లినవాడికి ఊపిరి ఒక హద్దు, ఈ కాలపు కబడ్డీలో 30 సెకన్లు హద్దు. ఇక్కడ ఆరు పట్టులు హద్దు. హద్దు దాటేలోగా తెగించాలి. గీతకు అవతల బంతిని నేలకు ఆనిస్తే నాలుగు పాయింట్లు, దాని పేరు ట్రై. ఆ తరువాత స్తంభాల మధ్య నుంచి తంతే మరో రెండు. బంతిని చేతితో ముందుకు వేయకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే వేయాలి. ఒక్కొక్క పట్టు తరువాత, బంతి ఎదుట నిలిచే ఒకరిద్దరు తప్ప, పట్టుకున్న జట్టువాళ్లంతా పది మీటర్లు వెనక్కి తగ్గాలి. మనిషి, బంతి, గీత ఎప్పుడూ కళ్ల ముందే ఉంటాయి కనుక గట్టున నిలబడి చూసేవాడికి ఈ మాత్రం తెలిస్తే సరిపోతుంది. కొత్త చోట్లకు ప్రయాణం చేయడానికి ఈ ఆటకున్న పెద్ద బలం ఇదేనని నేను అనుకుంటాను.

అయితే చెడుగుడు వచ్చిన పిల్లలకు ఈ ఆట నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. చీలమండ పట్టు, తొడ పట్టు, నలుగురు చేతులు కలిపి చుట్టేసే గొలుసు పట్టు అన్నీ వచ్చు. చిక్కంతా వదలడంలో వచ్చింది. చెడుగుడులో పట్టు వదిలితే వాడు పాక్కుంటూ పోయి గీతను తాకుతాడు, పాయింటు పోతుంది. ఏడెనిమిదేళ్లుగా ఆ భయం నరాల్లో జీర్ణించుకున్న పిల్లవాణ్ని, పడగానే వదిలెయ్, వాణ్ని లేవనియ్ అంటే వినడు. మొదటి రెండు వారాలు నేను వేసిన ఈలల్లో సగానికి పైగా దీని కోసమే. ఒకడైతే ఆట ఆగిన తరువాత కూడా ఎదుటివాడి కాలు వదలకుండా, "సార్, వీడు పోతాడు సార్" అని నన్నే బతిమాలాడు. రెండో చిక్కు క్రికెట్ అలవాటుతో వచ్చింది. బంతి చేతికి రాగానే భుజం మీదుగా ముందుకు విసిరేవాళ్లు. ముందుకు పరిగెత్తి వెనక్కి వేయమనడం వాళ్లకు ఎంత వింతగా తోచిందంటే, ఒక ఆడపిల్ల దాన్ని తన పద్ధతిలో సర్దుకుంది: బిందెలో నీళ్లు తొణకకుండా వెనక వచ్చే చెల్లెలికి అందించినట్టు వేయాలట. ఆ మాట చెప్పిన తరువాత మిగతావాళ్లకు నేను వేరే వివరణ ఇవ్వలేదు.

ఇక, కొత్త దేశాల్లో ఈ ఆట ఎలా పెరిగిందన్న సంగతికి వస్తాను. చదివిన కొద్దీ నాకు కనబడింది, దీన్ని సముద్రాలు దాటించినవాళ్లలో ఎక్కువమంది అధికారం లేనివాళ్లే. న్యూజీలాండ్ జట్టును 1907లో ఇంగ్లండ్‌కు నడిపించిన ఆల్బర్ట్ బాస్కర్‌విల్ వెల్లింగ్టన్‌లో తపాలా శాఖ గుమాస్తా. దారిలో సిడ్నీలో ఆగి ఆడిన మ్యాచులు అక్కడ కొత్త ఆటకు ఊపిరి పోశాయి. సిడ్నీలో పెద్ద పేరున్న డాలీ మెసెంజర్ వాళ్ల ఓడ ఎక్కాడు. మరుసటి ఏడాది, 1908లో, సిడ్నీలో క్లబ్బుల పోటీ మొదలైంది. బాస్కర్‌విల్ మాత్రం ఆ యాత్ర తిరుగు దారిలో బ్రిస్బేన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు.

ఫ్రాన్స్ కథ దీనికంటే చిత్రమైనది, విచారకరమైనది కూడా. అక్కడి రగ్బీ యూనియన్‌లో దొంగచాటుగా డబ్బు చేతులు మారుతోందని, ఆటలో దౌర్జన్యం మితిమీరిందని బ్రిటన్ యూనియన్లు 1931లో ఫ్రాన్స్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఆ సందులోంచి రగ్బీ లీగ్ లోపలికి వచ్చింది. 1933 డిసెంబర్ 31న పారిస్‌లోని పెర్షింగ్ స్టేడియంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లు ఫ్రెంచివాళ్ల ముందు ఆడాయి. ఆస్ట్రేలియా 63-13తో గెలిచింది. పరాయి జట్లు రెండు వచ్చి ఆడి వెళ్లిపోయి ఉంటే ఆ కథ అంతటితో ముగిసేదే. యూనియన్ బహిష్కరించిన జాన్ గాలియా అనే ఆటగాడు 1934 మొదట్లో ఒక జట్టును పోగుచేసి ఇంగ్లండ్ తీసుకుపోయాడు, దెబ్బలు తిన్నాడు, నేర్చుకున్నాడు, తిరిగొచ్చి విల్‌నవ్‌లో క్లబ్బు పెట్టాడు. ఆ ఏడాదే దేశంలో లీగ్ మొదలైంది. 1939 నాటికి క్లబ్బులు రెండు వందలు దాటాయి, ఆ ఏడాది ఫ్రాన్స్ జట్టు ఇంగ్లండ్‌నూ వేల్స్‌నూ ఓడించింది.

ఆ తరువాత యుద్ధం వచ్చింది. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం 1941 డిసెంబర్‌లో ఉత్తర్వు జారీచేసి, రగ్బీ లీగ్ సంస్థను రద్దు చేసి, ఆస్తులను స్వాధీనం చేసుకుంది. ఒక ఆటను ప్రభుత్వం సంతకం పెట్టి చంపడం గురించి నేను ఇంతకు ముందు వినలేదు. యుద్ధం ముగిశాక ఆట తిరిగి లేచింది గానీ, రగ్బీ అన్న పేరు వాడుకోవడానికి వీల్లేకుండా, పదమూడుగురి ఆట అన్న పేరుతో దశాబ్దాల పాటు నెట్టుకొచ్చింది. ఇంత జరిగినా, 1951లో ఆస్ట్రేలియా వెళ్లి ఆ దేశాన్ని సిరీస్‌లో 2-1తో ఓడించిన జట్టు వాళ్లదే. దాని వెనక వరుసలో ఆడిన ప్యూగ్ ఒబేర్ చేతిలో సిగరెట్టు వదలడని అతనికి పిపెట్ అనే ముద్దుపేరు. వ్యాయామోపాధ్యాయుడు చెప్పవలసిన సంగతి కాదు గానీ, ఆ మనిషి బంతి తన్నుడు అద్భుతమని ఆస్ట్రేలియా వాళ్లే ఒప్పుకున్నారు. 1954లో మొదటి ప్రపంచ కప్పును ఏర్పాటు చేసింది కూడా ఫ్రాన్సే. యూనియన్ రగ్బీకి ప్రపంచ కప్పు అన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి 1987 దాకా పట్టింది.

పాపువా న్యూ గినీలో జరిగింది దీనికి పూర్తిగా వేరు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న ఆ దేశంలోకి ఈ ఆట ఆస్ట్రేలియా గని కార్మికులు, సైనికుల వెంట వచ్చింది, వచ్చినవాళ్లు వెళ్లిపోయినా నిలిచిపోయింది. ఈ రోజు అది అక్కడి జాతీయ క్రీడ. జట్టుకు స్వర్గపక్షి పేరు పెట్టుకున్నారు. వాళ్ల టోక్ పిసిన్ భాషలో కుముల్. 1990లో గొరోకా అనే కొండ పట్టణంలో గ్రేట్ బ్రిటన్‌ను 20-18తో ఓడించిన రోజున, బయట గుంపును చెదరగొట్టడానికి పోలీసులు వదిలిన బాష్పవాయువు మైదానంలోకి వచ్చి ఆట కాసేపు ఆగిపోయింది. 2014లో వాళ్ల హంటర్స్ జట్టు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కప్పులోకి అడుగుపెట్టి, మూడేళ్లు తిరిగేసరికి 2017లో దాన్ని గెలిచింది. 2028 నుంచి ఆ దేశపు జట్టు ఆస్ట్రేలియా ప్రధాన లీగ్‌లో ఆడబోతోంది. దాని కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చు పెడుతోంది. పసిఫిక్‌లో చైనాతో పోటీ లేకపోతే ఆ డబ్బు వచ్చేదా అన్న అనుమానం నాకు ఉంది. అయితే డబ్బు వచ్చేనాటికే ఊరూరా ఆట ఉంది కనుక, ఆ డబ్బుకు నిలబడటానికి చోటు దొరికింది.

మా చిత్తూరు మామిడి రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తోతాపురి కొమ్మను ఎంత మంచి చెట్టు నుంచి తెచ్చినా, నాటు టెంక నుంచి మొలిచిన మొక్కకే అంటు కడతారు. కింద ఆ నాటు మొక్క లేకుండా కొమ్మను నేలలో గుచ్చితే నాలుగు రోజులు పచ్చగా కనబడి ఎండిపోతుంది. రగ్బీ లీగ్‌లో తండ్రి, తాత పుట్టిన దేశం తరఫున ఆడే వీలుంది. ఆ నియమం వల్ల ప్రపంచ కప్పుకు కొత్త దేశాలు వస్తున్నాయి. 2000లో లెబనాన్ అలాగే వచ్చింది. ఆ జట్టులో ఎక్కువమంది ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగినవాళ్లు. మొదటి మ్యాచులోనే న్యూజీలాండ్ చేతిలో 64-0తో ఓడింది. కానీ ఆ తరువాత లెబనాన్‌లోనే, విశ్వవిద్యాలయాల్లో కుర్రాళ్లు ఆడటం మొదలుపెట్టారు. 2017లో జట్టు క్వార్టర్ ఫైనల్ చేరి, టోంగా చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడింది. ఆ జట్టులో కూడా వలస వెళ్లినవాళ్ల పిల్లలే ఎక్కువ. నేను తప్పు పట్టేది అంటు కట్టడాన్ని కాదు, నాటు మొక్కను పెంచకుండా కొమ్మలు ఏరుకోవడాన్ని.

ఈ విషయంలో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం గ్రీస్ మీద కలిగింది. అక్కడ ప్రభుత్వ గుర్తింపు వేరే సంస్థ చేతుల్లో ఉండటంతో, రగ్బీ లీగ్ ఆడటానికి మైదానాలు దొరక్క, అధికారుల కంట పడకుండా అర్ధరాత్రి పూట, చోటు ముందుగా బయటికి చెప్పకుండా మ్యాచులు ఆడుకున్నారు. అలా ఆడుకుంటూనే ప్రపంచ కప్పుకు అర్హత సాధించారు. 2022లో గుర్తింపు వచ్చింది. ఆ ఏడాది జరిగిన ప్రపంచ కప్పులో ఇంగ్లండ్ జట్టు గ్రీస్‌ను 94-4తో చిత్తుచేసింది. అదే కప్పులో మొదటిసారి ఆడిన జమైకా కూడా మూడు మ్యాచులూ ఓడింది. పత్రికల్లో ఇలాంటి స్కోర్లు చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ నాలుగు పాయింట్ల వెనక ఎన్ని అర్ధరాత్రులు ఉన్నాయో ఊహించుకోగలను.

డబ్బుతో మొదలుపెట్టిన చోట ఏం జరిగిందో కెనడా చెబుతుంది. టొరంటో వుల్ఫ్‌ప్యాక్ అనే జట్టు 2017లో ఇంగ్లండ్ మూడో అంచెలో చేరి, 2019 చివరికి పై అంచెకు ఎగబాకి, న్యూజీలాండ్ మేటి ఆటగాడు సానీ బిల్ విలియమ్స్ అంతటివాణ్ని తెచ్చుకొని, కోవిడ్ రాగానే 2020 జూలైలో చేతులెత్తేసింది. మైదానానికి వేలమంది వచ్చిన మాట నిజం; వచ్చినవాళ్ల పిల్లలు ఎదిగి ఆ జట్టులో ఆడటానికి కావలసినంత కాలం మాత్రం అది బతకలేదు.

మన దేశంలో ఇంతకంటే పాత ఉదాహరణ ఉంది, అయితే అది యూనియన్ రగ్బీది. 1870లలో కలకత్తాలో ఇంగ్లీషు వర్తకులు, సైనికులు కలిసి రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. ఆడే రెజిమెంటు ఊరు విడిచిపోయింది, మిగిలినవాళ్లు టెన్నిస్, పోలోల వైపు తిరిగారు, క్లబ్బు మూతపడింది. బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసి, 270 రూపాయలను కరిగించి, మూడు నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి లండన్‌కు పంపేశారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆ కప్పు కోసమే ఆడుతున్నాయి, పేరు కలకత్తా కప్పు. అంత అందమైన కప్పు మిగిలింది గానీ, అప్పట్లో ఊరివాళ్లకు ఆ ఆట అంటలేదు. దానికి ఎదురుగా భువనేశ్వర్‌ను చూడండి. అక్కడ గిరిజన పిల్లలు చదువుకునే ఒక్క కళింగ విద్యాసంస్థలో యూనియన్ రగ్బీ నేర్పితే, ఆ పిల్లలు 2007లో లండన్‌లో 14 ఏళ్ల లోపు బాలుర అంతర్జాతీయ పోటీని గెలిచి వచ్చారు.

ఇక మా సంగతి. బడి మైదానం ఎర్రమట్టి, గులకరాళ్లు. మొదటి వారంలోనే ఒక పిల్లవాడి మోచేయి చర్మం లేచిపోయింది, వాళ్ల నాన్న బడికి వచ్చి, "కబడ్డీ చాలదా సార్, కొత్తది తెచ్చి ప్రాణం మీదికి తేవాలా?" అని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. అప్పటి నుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నాము. బడిలో ఒకరినొకరు పడదోసుకోవడం లేదు. టైలర్ దగ్గర మిగిలిన గుడ్డపేలికలను నడుముకు రెండు వైపులా దోపుకొని, ఆ పేలికను లాగేస్తే పట్టుబడినట్టు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడుతున్నారు, నిజం చెప్పాలంటే ఆడపిల్లలే ఎక్కువ లాగుతున్నారు. పట్టి పడేసే ఆట శనివారం సాయంత్రం స్వర్ణముఖి ఇసుకలో మాత్రమే, అదీ పెద్ద పిల్లలకే. పట్టేటప్పుడు తల ఎక్కడ ఉండాలన్నది ముందు నేర్పుతాను: చెంప ఎదుటివాడి పిరుదుకు ఆనాలి, తల వాడి వెనక వైపు ఉండాలి, చేతులు తొడల చుట్టూ బిగించాలి. ఇంగ్లండ్‌లోనే, సామాన్య స్థాయి పోటీల్లో పట్టు ఎత్తును భుజం నుంచి చంక కిందికి దించాలని 2023 చివరలో నిర్ణయించారు. మేము ఇంకా కిందికి, నడుముకు దించాము. తలకు చిన్న దెబ్బ తగిలినా ఆ పిల్లవాడికి ఆ పూట ఆట లేదు, ఏడ్చినా లేదు.

ముగ్గుపిండితో గీతలు వేస్తాము. పది మీటర్లంటే మాకు నా అంగలు పన్నెండు. నాలుగు ఊళ్ల నుంచి నాలుగు జట్లు, ఒక్కొక్క జట్టుకు తొమ్మిదిమంది. పదమూడుగురు దొరకరు, కోతల కాలంలో తొమ్మిదిమందీ దొరకరు. అయినా ప్రతి శనివారం రెండు మ్యాచులు జరగాలన్నదే మా నియమం, ఏడుగురే వస్తే ఏడుగురితోనే. ఒకసారి వాన వచ్చి ఏటిలో నీళ్లు పారితే ఒడ్డున గడ్డిలో పేలికల ఆట ఆడించాము. వాయిదా వేస్తే తరువాతి వారం సగం మంది రారని నాకు కబడ్డీ రోజుల నుంచే తెలుసు. రెఫరీగా డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న మా పాత విద్యార్థి ఉన్నాడు. ఫోనులో వీడియోలు చూసి నియమాలన్నీ నేర్చుకున్నాడు. ఇప్పుడు నన్నే సరిదిద్దుతున్నాడు. మంచి ఆటగాళ్లు ఏ ఊళ్లోనైనా పుడతారు, ఓపికగా ఈల వేసేవాడు దొరకడమే కష్టం.

తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఒకటే: "సర్టిఫికెట్ వస్తుందా సార్?" క్రీడా కోటాలో సీటు రావాలంటే, ఉద్యోగం రావాలంటే ఆ కాగితం కావాలి, పొలం పనికి పంపవలసిన పిల్లవాణ్ని శనివారం ఏటి దగ్గరికి పంపే పేదవాడు ఆ మాత్రం అడగడం న్యాయమే. ఆ కాగితం సంగతి కనుక్కుందామని నేను ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి నా దరఖాస్తును రెండుసార్లు చదివి, ఫారంలో ఈ ఆట పేరు లేదన్నాడు. కాసేపు ఆలోచించి, ఆయన దయ తలచి, "కబడ్డీ అని రాసేయండి మాస్టారూ, ఎవరు చూడొచ్చారు?" అని సలహా కూడా ఇచ్చాడు. నేను రాయలేదు. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లవాడి మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాడు చెడుగుడు అన్నది ఆటను దగ్గరికి తీసుకోవడానికి, ఈయన కబడ్డీ అన్నది ఫైలును దూరం చేసుకోవడానికి.

పోయిన శనివారం సంగతి చెప్పి ముగిస్తాను. మేకలు తోలుకొని రోజూ ఆ దారిన పోయే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మొదట్లో ఇసుకలో ఈ పొర్లాట ఏమిటని విసుక్కునేవాడు. కొన్నాళ్లకు కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడేవాడు. ఈ మధ్య మేకలను ఒడ్డున వదిలి, గీత పక్కనే కూర్చుంటున్నాడు. రెండో మ్యాచు చివర్లో స్కోరు సమానంగా ఉండగా, ఒక జట్టు గీతకు నాలుగైదు అంగల దూరంలో పట్టుబడి, బంతిని మళ్లీ వెనక్కి దొర్లించబోయింది. పెద్దాయన లేచి నిలబడి, "ఆరు అయిపాయ గదరా, బంతి ఇడిసిపెట్టండి!" అని అరిచాడు. రెఫరీ ఐదు వేళ్లు చూపించాడు. పెద్దాయన కర్రతో ఇసుకలో తాను గీసుకున్న గీతలను చూపిస్తూ, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోమన్నాడు. పిల్లలు రెండు పక్షాలుగా చీలి ఆయన చుట్టూ చేరారు, ఆట ఐదు నిమిషాలు ఆగింది, ఆ సందులో రెండో బంతి కూడా మెత్తబడింది. చివరికి రెఫరీ మాటే చెల్లింది, ఆ జట్టు ట్రై చేసి గెలిచింది. రాత్రి ఇంటికి వచ్చాక, ఎవరో పిల్లవాడు ఫోనులో తీసిన వీడియోను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. పెద్దాయన లెక్కే సరి.